ఇన్‌స్పెక్టరు అడగని ప్రశ్న

ఇంగ్లండులో ఒక పల్లెటూరు ఉంది. అక్కడ వారానికొకరు హత్యకు గురవుతారు, అయినా ఊరు ఖాళీ కాదు. ఇంగ్లండుకి ఎంతో దూరాన, చెరకు తోటల మధ్య ఉన్న సిలాయ్ పట్నంలో ఆదివారం మధ్యాహ్నం ఒలింపియా ఇంట్లో టీవీ ముందు చేరే ఆడవాళ్ళకి ఇది తెగని వింత.

"ఇల్లు కొనుక్కునేవాళ్ళకి ఆ ఊరు మంచిదే. వారానికో ఇల్లు ఖాళీ!" అనేది ఒకామె ఉడకబెట్టిన అరటికాయ ఒలుచుకుంటూ.

"చచ్చినాయన పెళ్ళాన్ని చూడండే. ఒక్కతే కూచుని టీ తాగుతోంది. చుట్టపక్కాలు ఏమైపోయారో! ఒక్కరైనా కుండెడు అన్నం పట్టుకొచ్చారా?" అనేది ఇంకొకామె.

ఆ సీరియల్ తీసినవాళ్ళు హంతకుడెవరో కనిపెట్టమని బుర్రలు బద్దలు కొట్టుకుని కథ అల్లి ఉంటారు. వీళ్ళకి ఆ ధ్యాసే లేదు. శవం పక్కన రాత్రి ఎవరు మేలుకున్నారు, తమ ఊరి ఆచారంలా పేకాడుతూ వేరుశనక్కాయలు నముల్తూ తోడున్నదెవరు, తొమ్మిది రోజుల జపం ఎవరు చేయించారు, ఇవే వీళ్ళ అనుమానాలు. అక్కడ చూస్తే మనిషి మీద తెల్లగుడ్డ కప్పి బండెక్కించేస్తారు. ఆ తర్వాత వాడి మొహం చూసే దిక్కుండదు.

అందుకే ఒలింపియా సీరియల్ అయిపోగానే జపమాల తీసి ఆ వారం చచ్చినవాడి కోసం ప్రార్థన చేసేది. చర్చి ఫాదర్ ఇది విని నవ్వాడు. "వాళ్ళు డబ్బు తీసుకుని నటించేవాళ్ళమ్మా. ఈపాటికి లేచి భోంచేసి ఉంటారు."

"నేను నటించినవాడికి చెయ్యట్లేదు ఫాదర్, చచ్చినవాడికి చేస్తున్నాను" అంది ఒలింపియా.

ఆవిడకి ఈ సీరియల్ పిచ్చి పట్టింది భర్త పోయాకే. ఆయన పేరు తియోదులో. కిందటేడు చెరకు కోతల రోజుల్లో, తెల్లవారకముందే సైకిలు మీద మిల్లుకి వెళుతున్న ఆయన్ని ఏదో లారీ గుద్దేసి పోయింది. పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, వెళ్ళారు. ఒక్క గుమ్మం తట్టలేదు, ఒక్కణ్ణి నిలబెట్టి అడగలేదు. టీవీలో ఎప్పుడూ జలుబుతో తుమ్ముతుండే ఇన్‌స్పెక్టరు తడిసిన కోటుతో ఇంటింటికీ తిరుగుతుంటే ఒలింపియాకి కడుపు నిండినట్టుండేది. ఒక మనిషి పోతే అంత తిరిగేవాళ్ళు లోకంలో ఎక్కడో ఉన్నారు కదా అనుకునేది.

కానీ ఆవిడ తెలుసుకోవాలనుకున్నది గుద్దిందెవరని కాదు. ఆయన ఆ రోడ్డు మీద ఎంతసేపు బతికున్నాడు? పక్కన ఎవరైనా ఉన్నారా? ఒంటరిగా పోయాడా? ఈ మూడు ముక్కలు తెలియక ఏడాదిగా అన్నం సయించడం లేదు. ఆ ఇన్‌స్పెక్టరు కూడా ఎన్నడూ ఈ ప్రశ్న అడగడు. ఎవడు చంపాడంటాడు, ఎందుకు చంపాడంటాడు, ఎవడు తోడున్నాడని మాత్రం అడగడు.

ఆ ఆదివారం ఊళ్ళో మేరీమాత ఊరేగింపు. అందరూ అటు పోయారు. పక్కింటి విసితా ఒక్కతే వచ్చింది. ఆవిడ ఏ వారమూ చివరిదాకా ఉండదు. హంతకుడు బయటపడే వేళకి పొయ్యి మీద అన్నం గుర్తొచ్చి లేచి పోతుంది.

టీవీలో కాలవ గట్టున ఒకడి శవం దొరికింది. ఇన్‌స్పెక్టరు వెళ్ళి ఆ ఇల్లాలికి కబురు చెప్పాడు. ఆమె ఏడవలేదు. "బాధపడ్డాడా?" అని మాత్రం అడిగింది.

"లేదమ్మా. క్షణంలో పోయాడు. ఏమీ తెలిసి ఉండదు" అన్నాడాయన.

ఒలింపియా ఒక్కసారి లేచి నిలబడింది. "నువ్వు చూశావట్రా? పక్కన కూచున్నావట్రా? నోటికొచ్చింది వాగడమేనా!" టీవీ మీదికే చెయ్యి ఎత్తింది. "మనవాళ్ళూ నాకిదే మాట చెప్పారే విసితా. ఇదే మాట, పొల్లు పోకుండా! దేశాలు వేరైనా పోలీసులంతా ఒక్క బళ్ళోనే చదివినట్టున్నారు." కూలబడి, కొంగు లేని ఆ గౌను అంచుతోనే మొహం తుడుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

విసితా టీవీ కట్టేసింది.

"వెంటనే పోలేదక్కా" అంది.

ఒలింపియా తలెత్తింది.

"నీళ్ళడిగాడు. గుద్దిన మా డెల్ఫినే లారీ దిగి సీసాతో పోశాడు. తల ఒళ్ళో పెట్టుకున్నాడు. బావ రెండు గుక్కలు తాగి, 'సైకిలు దారికడ్డంగా ఉంది, పక్కకి తియ్యరా' అన్నాడంట. ఆ తర్వాత చాలాసేపు... బావ పోయేదాకా వాడు అక్కడే కూచున్నాడు. పోయాకే పారిపోయాడు. వాడు నా అక్క కొడుకు, నా చేత్తో పెంచినవాడు. వాణ్ణి ఇలోయిలో అనే ఊరికి పంపించేసింది నేనే. నన్ను తన్నినా పడతానక్కా."

సైకిలు పక్కకి తియ్యమన్నాడు! ఆ మాట తియోదులోదే, ఇంకెవరికీ రాదు. చచ్చిపోతూ కూడా ఎవడో తట్టుకుని పడతాడని చూసుకున్నాడు పిచ్చి మనిషి. ఒలింపియాకి నవ్వొచ్చింది, ఆ వెనకే విసితా చెంప మీద ఛెళ్ళున కొట్టాలనిపించింది. కొట్టింది కూడా. విసితా కదల్లేదు.

"ఏడాది నా పక్కన కూచుని నా అరటికాయలు తిన్నావే!"

"తిన్నాను. గొంతు దిగేది కాదు."

వీధి చివర ఊరేగింపు మేళం వినిపించి, దూరమైంది. ఒలింపియా లేచి రెండు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చి, ఒకటి విసితా ముందు పెట్టింది.

"వాణ్ణి రమ్మను. ఆ మాటలన్నీ వాడి నోటితో నేను వినాలి."

"విని పోలీసులకి పంపుతావా అక్కా?"

"పంపుతాను" అంది ఒలింపియా. "కానీ ఒక్కణ్ణి పంపను. స్టేషన్ దాకా నేనూ వస్తాను."