పచ్చి ఎరువు

మొదట్లో ఆమె చేతిలో ఉన్నది మూత విరిగిన నీళ్ళ డ్రమ్ము ఒకటి, రోజుకో బకెట్టు కూరగాయల తొక్కలు. రెండూ అవతల పారేయాల్సినవే. పారేయాల్సినవి కాబట్టే ఆమెకు దక్కాయి. ఆ ఇంట్లో ఏ వస్తువైనా కోడలి సొంతం కావాలంటే ముందు అది విరగాలి, లేదా కుళ్ళాలి.

ఇల్లూ దుకాణమూ ఒకటే. ముందు భర్త నడిపే మొక్కల దుకాణం, మధ్యలో ఒక పరదా, వెనక వంటగది, ఆ వెనక గోడ దాకా పదడుగుల పెరడు. పరదా ముందు జరిగేదాన్ని వ్యాపారం అనేవారు. పరదా వెనక జరిగేదానికి పేరేమీ పెట్టలేదు. కుండీలకు నీళ్ళు పెట్టడం, ఎండుటాకులు గిల్లడం, నారు విడదీసి నాటడం అన్నీ ఆమే చేసేది, దుకాణం తలుపు తీసేలోగా. తలుపు తీశాక మాత్రం ఆమె కనిపించకూడదు. "కొనేవాళ్ళ ముందు ఆ మట్టి చేతులతో నిలబడకు. పనిమనిషివనుకుంటారు," అని పెళ్ళయిన మొదటి నెలలోనే భర్త చెప్పాడు. ఆమె తలూపింది. ఆ తలూపుడు ధర ఎంతో తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

తొమ్మిదో ఏట డ్రమ్ము మూత విరిగింది. అందులో ఎరువు చేద్దామని మొదటిసారి తెలియక వట్టి తొక్కలే నింపింది. వారానికల్లా అడుగున నీరు చేరి, పెరడంతా కంపు కొట్టింది. అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "కోడల్ని ఒక్కదాన్నే తెచ్చుకున్నామనుకున్నాను, దీని వెనక ఇన్ని పురుగులు వస్తాయని ఎవరూ చెప్పలేదు," అంది. భర్త నవ్వాడు. ఆ నవ్వు కూడా ఆమె గుర్తుపెట్టుకుంది. ఆమెకు పోగొట్టుకోవడం అలవాటు లేదు, ఏదైనా సరే.

ఎవరూ నేర్పలేదు. ముక్కు నేర్పింది, వేళ్ళు నేర్పాయి. ఇనుప చువ్వ పొయ్యి మీద ఎర్రగా కాల్చి డ్రమ్ము చుట్టూ చిల్లులు పొడిచింది. ఒక దోసెడు తొక్కలు వేస్తే రెండు దోసిళ్ళు ఎండుటాకులు వెయ్యాలని తెలుసుకుంది. ఆకులు చాలని రోజు వడ్రంగి కొట్టు ముందు నుంచి రంపపు పొట్టు ఎత్తుకొచ్చేది, పాత అట్టపెట్టెలు చింపి కలిపేది. పిడికెడు తీసి పిండితే వేళ్ళ సందున ఒక్క చుక్క మెరవాలి, కారకూడదు. కారితే ఇంకాస్త పొడి, పొడిపొడిగా రాలితే కాసిని నీళ్ళు. వారానికోసారి కింది నుంచి పైకి తిరగెయ్యాలి. అప్పుడు నడిమధ్యలో చెయ్యి పెడితే జ్వరం వచ్చిన మనిషి నుదురంత వేడి. రెండున్నర నెలలకు తొక్క ఏదో ఆకు ఏదో తెలియకుండా నల్లబడుతుంది. అక్కడే అందరూ మోసపోతారు. నల్లబడింది కదా, అయిపోయిందనుకుంటారు. ఆ తర్వాత ఇంకో నెల ముట్టుకోకుండా వదిలెయ్యాలి, లోపలి వేడి పూర్తిగా చల్లారేదాకా. ఆఖర్న ఒక గ్లాసుడు తీసి అందులో పది ముల్లంగి గింజలు వేసేది. పదికి తొమ్మిదైనా పచ్చగా లేస్తే ఎరువు. లేవకపోతే ఇంకా చెత్తే.

ఆ ఇంట్లో ఆ బకెట్టుకు కూడా శత్రువులు ఉండేవారు. నూనె తేలే కూరలు, వండిన పదార్థాలు అందులో వెయ్యొద్దని ఒకటికి పదిసార్లు చెప్పింది. అత్తగారు సరిగ్గా అవే వేసేది. "నీ చెత్తకి కూడా రుచులా అమ్మాయ్? మా ఇంట్లో మనుషులే పెట్టింది తింటారు." ఆమె చేత్తో కూరముక్కలు ఏరి బయటకు తీసేది. భర్త భోజనానికి కూర్చుని, "చేతులు సబ్బుతో కడిగావా? రెండుసార్లు కడిగావా?" అని అడిగేవాడు. అదే మనిషి గంట తర్వాత దుకాణంలో అదే ఎరువు దోసిట్లోకి తీసుకుని, కొనేవాళ్ళ ముక్కు దగ్గర పెట్టి, "వాసన చూడండి సార్, అడవిలో వాన పడ్డట్టు లేదూ! నా సొంత తయారీ," అనేవాడు. దోసిట్లో ఉన్నప్పుడు అడవి, ఆమె గోళ్ళలో ఉన్నప్పుడు రోత. ఈ లెక్క ఏ త్రాసులో తూగుతుందో ఆమెకు అంతుపట్టేది కాదు.

నాలుగేళ్ళలో ఒక డ్రమ్ము కాస్తా నాలుగైంది. మొక్కల కంటే ఎరువు కోసం వచ్చేవాళ్ళే ఎక్కువయ్యారు. సంచుల మీద వేయడానికి భర్త ఫొటో తీయించుకున్నాడు. తెల్లచొక్కా, చేతిలో పార. ఆ పార అతను పట్టుకోవడం అదే మొదలు, అదే ఆఖరు అనుకుంది ఆమె. ఎలా చేస్తారండీ అని ఎవరైనా అడిగితే, "అది మాత్రం చెప్పకూడదు, వ్యాపార రహస్యం," అనేవాడు. పరదా వెనక ఎరువులో కలపడానికి గుడ్డు పెంకులు నూరుతున్న ఆమెకు నవ్వొచ్చేది. చెప్పకూడదని కాదు, తెలిస్తేగా చెప్పడానికి.

ఒక గురువారం కాలేజీ తోట చూసే మేడం వచ్చి ఇరవై సంచులు అడిగింది. కొత్తగా పెంచిన పూలనారు మొత్తానికి కావాలంది. సోమవారానికి ఇచ్చేస్తానని భర్త మాట ఇచ్చేశాడు. మాట ఇచ్చాకే పరదా ఎత్తి లోపలికి చెప్పాడు.

"నాలుగింట్లో మూడు డ్రమ్ములు ఇంకా వేడిగా ఉన్నాయండీ. మూడు వారాలు ఆగమనండి."

"నల్లగా ఉందిగా?"

"నల్లగా ఉంటే చాలదు. లోపల ఇంకా కుళ్ళుతూనే ఉంది. వేళ్ళు మాడిపోతాయి."

"చెత్త గురించి నాకు పాఠాలు చెప్పకు. నలుగురూ మెచ్చుకునేసరికి కళ్ళు నెత్తికెక్కాయి."

మెచ్చుకున్నది ఎవరినో ఆమె అడగలేదు. శనివారం అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి మూడు డ్రమ్ములూ బోర్లా పడి ఉన్నాయి. జల్లెడ కూడా పట్టలేదు. పార గోడకు ఆనించి ఉంది. ఫొటో తర్వాత రెండోసారి పట్టుకున్నాడన్నమాట. తయారైన నాలుగో డ్రమ్ము మీద తడి దుప్పట్లు ఆరేసి ఉండటంతో అతని కంట పడలేదు. ఆమె దుప్పట్లు తీయలేదు. అవి ఆరిపోయినా తీయలేదు.

పదో రోజున మేడం ఒక ట్రే పట్టుకుని దుకాణంలోకి వచ్చింది. ట్రే నిండా నారు. ఆకుల అంచులు కాగితం కాలినట్టు మాడిపోయి, కాడలు వాలిపోయి ఉన్నాయి. దుకాణంలో మరో నలుగురు కొనేవాళ్ళు ఉన్నారు. భర్త ఆ ట్రే వంక చూశాడు, ఆ నలుగురి వంక చూశాడు. పరదా ఎత్తి ఆమెను చెయ్యి పట్టుకుని ముందుకు లాగాడు.

"చేసింది ఈవిడే మేడం. నాలుగేళ్ళ నుంచీ ఎరువంతా ఈవిడే చేస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళ మీద వదిలేశాను, నాదే బుద్ధి తక్కువ."

ఆమె చేతులకు గిన్నెల నురగ ఇంకా ఉంది. నాలుగేళ్ళుగా ఆ సంచుల మీద ఉండాల్సిన మాట ఇదే. కొన్ని వందల సంచులు అమ్ముడైనా అతని నోట రాలేదు. నారు చచ్చాక వచ్చింది. మంచి పేరుకి వాటాదారు అక్కర్లేదు, చెడ్డపేరుకి కావాలి. సరే. ఆమె చేతులు తుడుచుకుంది.

"మీ దగ్గర ఇంకా సంచులు మిగిలాయా మేడం?"

"రెండు బండిలోనే ఉన్నాయి."

ఆమె వెళ్ళి బండిలోంచి ఒక సంచి దుకాణంలోకి తెచ్చి మూతి విప్పింది. "మధ్యలోకి చెయ్యి పెట్టి చూడండి."

మేడం మోచేతి దాకా పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది. "ఇదేంటమ్మా, కాలుతోంది!"

"పచ్చి ఎరువు. మూడు వారాలు ఆగాలని చెప్పాను. ఆగలేదు. నేను ఇంట్లో లేనప్పుడు తవ్వి నింపారు." గొంతు పెంచలేదు. నలుగురికీ వినపడేటంత మాత్రం ఉంది. తర్వాత లోపలికి వెళ్ళి దుప్పట్లు తీసి, నాలుగో డ్రమ్ములోంచి ఒక దోసెడు తెచ్చింది. చల్లగా, తేమగా, వేళ్ళ మధ్య పొడిలా రాలుతోంది. "ఇదీ ఎరువు."

మేడం ఆ దోసెడూ తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "మా కాలేజీలో రోజూ బండెడు ఆకులు తగలబెడుతున్నారు. క్యాంటీన్ తొక్కలు వేరే. నువ్వొచ్చి చేస్తావా? ఉద్యోగం కిందే రాయిస్తాను, నీ పేరు మీద."

"చెయ్యదు మేడం, ఇంటి పనే తెమలదు తనకి," అన్నాడు భర్త.

"నేను ఆవిణ్ణి అడిగాను," అంది మేడం.

వాళ్ళు వెళ్ళాక అతను మొదలుపెట్టాడు. "నలుగురిలో నా పరువు తీశావ్. మొగుడన్న భయం లేదా నీకు?"

"చేసింది నేనేనని మీరే చెప్పారుగా. చేసినదాన్ని కాబట్టి ఎలా చెయ్యాలో చెప్పాను."

"నోరు లేచిందిరా దీనికి," అంది అత్తగారు గుమ్మంలోంచి. "ఇన్నేళ్ళు కుక్కిన పేనులా పడి ఉండేది."

ఆమె తనలోకి తాను ఒకసారి చెయ్యి పెట్టి చూసుకుంది. ఎన్నో ఏళ్ళుగా అక్కడ భగ్గుమనేది. ఆ వేడిలో ఒక్క మంచి నిర్ణయమూ మొలవలేదు. ఏడ్చేది, రెండు పూటలు తిండి మానేసేది, మూడో పూట వాళ్ళకు వడ్డించి తనూ తినేది. ఇవాళ వేడి లేదు. అతని మొహం చూస్తే కోపం కూడా రావడం లేదు. చల్లగా, నల్లగా, పొడిగా ఉంది లోపలంతా. తయారైనట్టే.

మర్నాడు పొద్దున కుండీలకు నీళ్ళు పెట్టలేదు. నాలుగో డ్రమ్ములోంచి ఒక బకెట్టు నింపుకుంది, కొత్త చోట తోడు వెయ్యడానికి. వీధి గుమ్మం దాకా వెళ్ళేసరికి వెనక నుంచి అత్తగారి కేక. "అమ్మాయ్! ఈ తొక్కలేం చెయ్యాలే?"

"మీ అబ్బాయికివ్వండి అత్తయ్యా. రహస్యం ఆయనకే తెలుసు."

కాలేజీ వరకు నడిచినంతసేపూ లెక్క చూసుకుంది. పోయినవి పదమూడేళ్ళు, మూడు డ్రమ్ముల పచ్చి ఎరువు, ఒక తోటెడు పూలనారు. మిగిలింది ఒక బకెట్టు ఎరువు, ఒక మాట. "చేసింది ఈవిడే." అతను దాన్ని నింద కింద ఇచ్చాడు. ఆమె రసీదు కింద పుచ్చుకుంది.