పండుగ పడవ మీద పసుపు ముఖం

మా కోడలు సల్బియా ముఖానికి రెండో కాన్పు తర్వాత మంగు పట్టింది. రెండు బుగ్గల మీదా గోధుమరంగు మచ్చలు. నీళ్ళ మీద కట్టుకున్న మా ఇళ్ళకు తలుపులైనా సరిగ్గా ఉండవు, ఇక నోళ్ళకేం ఉంటాయి.

"మీ కోడలి బుగ్గల మీద దీవులు మొలిచాయే" అంది పక్కింటావిడ ఒకరోజు.

"నీ నాలుక మీద ముళ్ళు మొలిచాయి, ముందు అవి చూసుకో" అన్నాను.

ఏటా పడవల పండుగనాడు మా లేపా పడవ ముందుభాగాన అణియం మీద నిలబడి, వేళ్ళకు పొడుగాటి ఇత్తడి గోళ్ళు తొడుక్కుని సల్బియా ఇగల్ నాట్యం ఆడుతుంటే పక్క పడవలవాళ్ళు తెడ్డు వేయడం మరిచిపోయేవారు. మంగు వచ్చాక ఆట మానేసింది. మా ఇంట్లో అద్దం గోడవైపు తిరిగిపోయింది.

చెయ్యని వైద్యం లేదు. సంతలో పేరూ ఊరూ లేని డబ్బాలో తెల్ల క్రీము కొని రాసుకుంది. భగ్గున మండింది. "మండితేనే పనిచేస్తున్నట్టు" అంది అమ్మినావిడ. చర్మం పొరలుగా ఊడింది. ఊడినచోట మచ్చ ఇంకా నల్లబడింది.

ఇది చాలదన్నట్టు ఇంకొకటి. సముద్రంలో నాచు తోటకు వెళ్ళేటప్పుడు మా ఆడవాళ్ళం ముఖానికి బురాక్ పూసుకుంటాం. బియ్యం, పసుపు కలిపి నూరిన ముద్ద, ఎండకు అడ్డం. సాయంత్రానికి పెంకులా ఎండిపోతుంది. దాన్ని తడపకుండానే కొబ్బరిపీచుతో గీకేది ఈ పిల్ల, దాంతోపాటు మచ్చ కూడా రాలిపోతుందని ఆశ.

చివరికి నేనే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ అంతా విని తల పట్టుకుంది.

"గీకేకొద్దీ మంగు ముదురుతుందమ్మా. ఆ డబ్బా ఇక ముట్టుకోకండి, అలాంటివాటిలో పాదరసం ఉంటుంది. పొద్దున్నే ఎండ ఆపే లేపనం రాసుకోండి, మధ్యమధ్యలో మళ్ళీ రాయండి, పెద్ద టోపీ పెట్టుకోండి. ఆ లేపనం మీద బురాక్ పూసుకున్నా తప్పులేదు. తీసేటప్పుడు మాత్రం బాగా నానబెట్టి, అరచేత్తో మెల్లగా కడగండి."

"పూర్తిగా పోతుందా?" అంది సల్బియా.

"పలచబడుతుంది. నెలలు పడుతుంది. ఎండ తగిలితే మళ్ళీ వస్తుంది. నీళ్ళ మీద ఎండ పైనుంచీ కొడుతుంది, కిందనుంచీ కొడుతుంది. అక్కడున్నంతసేపూ అడ్డం తీయకండి."

కొబ్బరిపీచును నేను పొయ్యిలో పడేశాను. డాక్టరమ్మ చెప్పినవన్నీ సల్బియా చెప్పినట్టు చేసింది. మచ్చలు మెల్లగా పలచబడ్డాయి. ఒకనాడు అద్దం ఇటువైపు తిరిగి కనిపించింది. "అత్తా, ఈ ఏడు ఆడతాను" అంది.

పండుగనాడు ఆకుపచ్చ పట్టు కట్టుకుని, ఇత్తడి గోళ్ళు తొడుక్కుని పడవ దగ్గరికి వచ్చింది. ముఖం నిండా బురాక్. మా పడవ పెత్తనం నా మరిది సబ్తాల్‌ది. చూడగానే ఆయన మొహం మాడింది.

"పండుగ పడవ మీదికి పని ముఖంతోనా? కడుక్కునిరా. లేకపోతే ఇక్కడే ఉండు, నా కూతురు ఆడుతుంది."

"పొద్దస్తమానం నీళ్ళ మీదే కదా చిన్నమామయ్యా. ఇవాళ పండుగని ఎండకు తెలుసా?"

"నలుగురూ నవ్వుతారే."

"మచ్చలు చూసీ నవ్వారు. నవ్వులకు మందు లేదు, మంగుకు ఉంది. నేను కడగను."

సల్బియా కాలు వెనక్కి వెయ్యలేదు. రెండేళ్ళుగా ఎదురుచూసిన అణియం కళ్ళముందే చేజారిపోతున్నా వెయ్యలేదు. అక్కడ నాకు ఒళ్ళు మండింది. పడవలో వరసగా పేర్చిన గంటలు కర్రలతో వాయించేది నేను. ఆ గంటలు లేకపోతే ఇగల్ లేదు. కర్రలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"మరిదీ, కడిగిన ముఖానికి నా గంటలు మోగవు."

"నువ్వు కూడానా వదినా?"

జవాబుగా సల్బియా తెచ్చుకున్న గిన్నెలోంచి ఇంత బురాక్ తీసి నా ముడతల మొహానికి పట్టించాను. డప్పు వాయించే ఇద్దరూ గిన్నె అందుకున్నారు. ఆఖరికి సబ్తాల్ కూతురు కూడా తండ్రి వైపు చూడకుండా వేళ్ళు ముంచింది. ఆయన గొణుక్కుంటూ తాడు విప్పాడు.

మొదట గట్టుమీదివాళ్ళు నవ్విన మాట నిజమే. తర్వాత సల్బియా చేతులు లేచాయి. మణికట్టు తిరిగింది, గోళ్ళు ఎండలో మెరిశాయి, మడమ కదిలీ కదలనట్టు కదిలింది. ఆ పసుపు ముఖం ఎంత దూరానికైనా కనిపించింది. పక్క పడవల్లో తెడ్లు ఆగిపోయాయి. నా కర్రలు గంటల మీద ఆగలేదు. ఆ ఏటి ఆట బహుమతి మా పడవకే వచ్చింది.

సాయంత్రం సల్బియా ముఖం నానబెట్టి, తొందరపడకుండా కడుక్కుంది. ఉతికిన గుడ్డ మీద టీ మరకంత మిగిలింది మచ్చ. అద్దంలో చూసుకుని, "ఉంటే ఉండనీ" అని నవ్వింది.

అప్పుడు గుమ్మంలో సబ్తాల్ నిలబడ్డాడు. పొద్దుటినుంచి బోడి మొహంతో ఎండలో నిలబడి పడవ నడిపాడు కదా, ముక్కు ఎర్రగా కమిలిపోయింది.

"రేపు కూడా పడవ తీయాలి. ఆ బురాక్ కాస్త మిగిలిందా అమ్మా?"

"బోలెడుంది చిన్నమామయ్యా. ముక్కు మంట తగ్గనివ్వండి, అందాకా టోపీ పెట్టుకోండి. ఆ తర్వాత నేనే పూస్తాను" అంది సల్బియా. "కొబ్బరిపీచుతో మాత్రం గీకకండి."