చేయి ఖాళీ అయ్యే చోటు

నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, అరవై ఆరో ఏట. ఒత్తులు తప్పిపోతే మన్నించండి. ఈ కాస్త రాయడానికే పది రోజులు పట్టింది.

ఆయన శిష్యుడు ఇంటికొచ్చిన రోజు మైదా ఉడికించి జిగురు కాస్తున్నాను. ఆయన పాత సంగీతం కాగితాలు అంచుల్లో ఊడిపోతున్నాయి. ఆయన వయొలిన్ వాయించేవారు. ఇంకో వయొలిన్, కాస్త పెద్దదైన వయోలా, నేల మీద ఆనించి వాయించే చెల్లో, మొత్తం నలుగురు, ముప్పై ఏళ్లు మా ముందుగదిలోనే సాధన చేశారు. చెవులు పూర్తిగా పోయాక ఒక మహానుభావుడు రాసిన చివరి రచనలంటే ఆయనకు ప్రాణం. వాటిలో ఒకటి ఏడు భాగాలు, నలభై నిమిషాలు, మధ్యలో ఆపడం ఉండదు. రెండు చేతులూ వాద్యం మీదుంటే పుట ఎవరు తిప్పాలి? అచ్చు పుస్తకంలో సరిగ్గా వాయింపు ఊపందుకున్న చోటే పుట అయిపోయేది. అక్కడ తడబడ్డ రోజున ఆయనకు నా కూరలో ఉప్పు ఎక్కువనిపించేది.

ఒకసారి టీ గ్లాసులు తీస్తూ గమనించాను. ఆయన కమాను తీగ మీంచి లేచినప్పుడు, కాగితం మీద గీతకు చిన్న నల్ల దిమ్మ వేలాడుతోంది. దిమ్మ ఉంటే చేయి ఖాళీ. అ ఆల కంటే ముందు నేను చదివిన అక్షరం అదే. మర్నాడు జిరాక్సు తీయించి, ప్రతి పుటా ఒక దిమ్మ దగ్గర ముగిసేలా కత్తిరించి అతికించాను. తడబాటు పోయింది. తర్వాత మిగతా ముగ్గురివీ నేనే చేశాను. వాళ్లు నన్ను జిగురమ్మ అనేవారు. అత్తగారు మాత్రం, "రాతకోతలు రాని మహారాణి, కాగితాలతో ఆడుకుంటోంది" అనేవారు. ఆయన బయటివాళ్ల ముందు, "పుటలు అమర్చుకోవడమూ విద్వత్తేనండీ" అని నవ్వేవారు. అమర్చింది ఎవరో చెప్పడానికి ఆయనకు ఏనాడూ నోరు రాలేదు. వంటగదిలో అంట్లు తోముతూ, దిమ్మ దగ్గర కాగితం కదిలిన చప్పుడు వింటే, అది నా వంతు వాయింపు అనుకునేదాన్ని.

ఆయన పోయి ఏడాదైందని అదే రచనతో కచేరీ పెట్టారు. ఆయన కుర్చీలో శిష్యుడు. కొత్త పుస్తకం కొన్నాడు, సాధనలో మూడుసార్లు తడబడ్డాడు. ఆ రోజు చెల్లో మరిదిని, అంటే చెల్లో వాయించే ఆయన పాత స్నేహితుణ్ణి, వెంటబెట్టుకుని వచ్చాడు.

"అమ్మగారూ, సార్ కాపీ ఇప్పించండి. అది లేకపోతే నా పరువు గంగలో కలుస్తుంది."

కచేరీ కరపత్రం నా చేతికిచ్చాడు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. "ప్రతి పుటనూ స్వయంగా కత్తిరించి అతికించుకున్న గురువుగారికి నివాళి."

"మీకు చదవడం వచ్చా!"

"ఈ ఏడే వచ్చింది బాబూ. ఇది తప్పు. అతికించింది నేను."

అతను చెల్లో మరిది వైపు చూశాడు. మరిది టీ గ్లాసులోకి చూసుకున్నాడు. "పోనీలే వదినా. పోయినవాడి గురించి ఇప్పుడెందుకు? మాకందరికీ తెలుసు కదా."

"తెలుసు మరిదీ. ఎక్కడైనా రాసుందా?"

ఇవ్వననడం ఒక్క మాట. కానీ ఆ సంగీతం నాకేం అన్యాయం చేసింది? చెవుల్లేని మనిషి అంత రాశాడు, ఎవరూ కాదనకుండా తన పేరు పెట్టుకున్నాడు. జిగురు చేతులు కడుక్కుని, పెన్ను తీసి, మొదటి పుట మీద రెండు వాక్యాలు రాశాను. మధ్యలో వాళ్లిద్దరి టీ చల్లారింది.

"వాయించే ముందు లేచి ఇది చదవాలి. చదువుతానంటేనే పట్టుకెళ్లు."

"పెద్దవాళ్లుంటారు అమ్మగారూ, ఏమనుకుంటారో..."

"వింటారు."

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. నేను ముందు వరసలో కూర్చున్నాను. శిష్యుడు కమాను పక్కన పెట్టి లేచాడు, గొంతు సవరించుకున్నాడు, నేను రాసింది రాసినట్టు చదివాడు.

"ఈ పుటలు ముప్పై ఏళ్లుగా కత్తిరించి అతికించింది నేను. జిగురమ్మ, అరవై ఏడేళ్లు, ఈ హాలు వెనక వీధిలో మేడ మీద గదిలో ఉంటాను."