కారడిగిన పదకొండుమంది

నెలాఖరుకి షెడ్డు ఖాళీ చేయాలి. మా ఆయన నలభై ఏళ్లు ఎవర్నీ చెయ్యి వేయనివ్వకుండా చూసుకున్న పొడుగుముక్కు కారు అందులోనే ఉంది. ఆయన పోయాక నాకు మిగిలిన కోరిక ఒక్కటే. దాన్ని నడిపేవాళ్ల చేతిలో పెట్టాలి, తుక్కు కింద పోకూడదు.

ఆ కారు అమ్మమని అడిగినవాళ్ల పేర్లు ఆయన ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. అమ్మడానికి కాదు, ఇంతమందికి ఇవ్వనన్నానని గొప్ప చెప్పుకోవడానికి. పదకొండు పేర్లున్నాయి. మా ఆడపడుచు నంబర్లు చదువుతుంటే నేను ఫోన్లు చేశాను.

మొదటిది మోగి ఆగిపోయింది. రెండోది ఎవరో ఆవిడ ఎత్తింది.

"ఆయన పోయి రెండేళ్లయిందండీ. కారంటారా? మా ఇంట్లోనూ అలాంటిదే ఉంది. మీరేమైనా తీసుకుంటారా?"

మూడోదీ, నాలుగోదీ అంతే. ఐదో నంబరు ఆవిడైతే వాళ్ల కారుకి బేరం కూడా మొదలుపెట్టింది.

"చూడబోతే ఇంకో రెండు కార్లు ఇంటికి తెచ్చేట్టున్నావు వదినా," అంది ఆడపడుచు. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. కూరగాయల చీటీలో కొన్నవి కొట్టేసినట్టు ఏడో పేరు దాకా ఒక్కొక్కటే కొట్టేశాను.

ఎనిమిదో ఆయన బతికే ఉన్నారు. "ఆ కారా!" అంటూ ఆయన గొంతు లేచింది. అంతలోనే తగ్గింది. "మోకాళ్లు వంగవమ్మా. అందులో ఎక్కితే నన్ను దింపడానికి ఇద్దరు కావాలి."

మిగతా ముగ్గురి నంబర్లూ పనిచేయడం లేదు.

మర్నాడు పాత కార్ల బేరగాణ్ణి పిలిపించాను. అతను కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దీని వెనకాల పరిగెత్తిన పిల్లలకి ఇప్పుడు ఎనభై ఏళ్లమ్మా. ఇలాంటివే నాలుగు నా దగ్గర కదలకుండా ఉన్నాయి. ఇప్పుడు కొనేది నలభై ఏళ్లవాళ్లు. వాళ్లకి వాళ్ల నాన్న బడికి దింపిన డబ్బా కారు కావాలి. అదుంటే చెప్పండి, ఇవాళే పట్టుకుపోతా."

"ఉండేది. దీనికి చోటు చాలదని తుక్కుకిచ్చేశాం."

"మా అన్నయ్య దాన్నసలు కారనేవాడే కాదు," అంది ఆడపడుచు.

అతను తలగోక్కున్నాడు. "విప్పి, విడి సామాన్ల కిందైతే తీసుకుంటాను."

"ఆ సామాన్లు ఎవరికి?"

"ఇద్దరున్నారమ్మా, ఇంకా నడిపేవాళ్లు. వాళ్ల బండ్లకి వేస్తా."

నెలాఖరుకి మూడు రోజులే ఉన్నాయి. సరేనన్నాను. అతను తాళం తిప్పితే ఇంజను ఒక్క దెబ్బకే అందుకుంది. కాసేపు విని ఆపేశాడు.

"ముందు ఏం విప్పుతావు?" అని అడిగాను.

"తలుపులమ్మా."

"ఎడమవైపుది కాస్త పట్టేస్తుంది. పైకెత్తి లాగు."