పరదాలో పట్టని సుడి

వర్క్‌షాపువాళ్ళు ఆమెను లెక్కలమ్మ అనేవారు. గాలిలోంచి పోయే వెలుగు ఎన్ని వంకరలు తిరుగుతుందో కంప్యూటర్లో లెక్కకట్టడం ఆమె పని. ఉన్న గాలినంతా లెక్కించడం ఎవరి తరం? అందుకని దారి పొడవునా ఇరవై పల్చటి పరదాలు కట్టినట్టు ఊహించుకుని, ఒక్కో పరదాలో వేడిగాలి సుడులు నింపి, వెలుగును ఒకదాని తర్వాత ఒకటి దాటించేది.

ల్యాబు డాబా మీది లేజరు, కిలోమీటరు అవతలి గోడమీద వేసే చుక్కతో ఆ లెక్క సరిపోవాలి. సరిపోలేదు. లెక్కలో చుక్క చెదిరి మిణుకుమంటుందే గానీ ఉన్నచోటు వదలదు. గోడమీదిదేమో బెత్తెడు మేర షికారు చేస్తోంది.

మూడేళ్ళ కష్టం తప్పంటే ఎవరి మనసొప్పుతుంది? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, 'లేజరు స్టాండు కదిలింది' అని రిపోర్టులో రాసిపడేసింది.

ఆ స్టాండు బిగించింది ఫిట్టరు మాస్టారు. ఆయన బిగిస్తే ఉడుంపట్టేనని ముప్పయ్యేళ్ళుగా పేరు. రిటైరవడానికి పదిహేను రోజులుంది. ఆ ఒక్క వాక్యం పై అధికారులకు వెళ్తే ఆ పేరు కాస్తా మట్టిపాలే.

మర్నాడు మధ్యాహ్నం సంగతి తెలిసి ఆయనే వచ్చాడు. కోప్పడలేదు, ముఖం మాత్రం చిన్నబోయి ఉంది.

"ఒక్కసారి డాబా మీదికి రామ్మా. చూశాక నీ ఇష్టమొచ్చింది రాసుకో."

అదే స్టాండుకు ఇంకో లేజరు బిగించి, దాన్ని గోడ రెండో చివరికి గురిపెట్టి ఉంచాడు. ఆమె బైనాక్యులర్లో చూసింది. ఒక చుక్క ఎడమకు జరుగుతోంది. రెండోది పైకి పాకుతోంది.

"స్టాండే కదిలితే రెండూ కలిసే నడవాలి కదమ్మా?"

ఆమె బైనాక్యులర్ దించి చూసింది. ఎదుట ఇళ్ళకప్పుల మీద వేడిగాలి అలలు అలలుగా లేస్తోంది. ఒక్కో అల ఇల్లంత ఉంది. తన పరదా వెడల్పు బారెడు. బారెడు పరదాలో ఇల్లంత సుడి ఎలా పడుతుంది? చిన్న సుడులు చుక్కను చెదరగొడతాయి, పెద్ద సుడి చుక్కను మొత్తంగా పక్కకు తోస్తుంది. ఆ పెద్దవాటినే తను వదిలేసింది. సిగ్గుతో తల వాలిపోయింది.

కిందికొచ్చి ప్రతి పరదాకూ ఆ పెద్ద సుడుల ఒంపు కలిపింది. మాస్టారు వెనకే నిలబడ్డాడు. తెరమీద చుక్క చెదిరింది, మళ్ళీ కూడుకుంది, ఆపైన నెమ్మదిగా నడక మొదలుపెట్టింది. కొలిచి చూస్తే బెత్తెడే. ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. తను పోసినవి ఉత్త అంకెలు. అంత పెద్ద ఆకాశం ఆ అంకెల మాట విన్నట్టుంది.

"ఇది మన గోడేనా అమ్మా?" మాస్టారు గొంతు తగ్గించి అడిగాడు.

"కాదు మాస్టారూ, లెక్కే."

"మరి ఇందులో స్టాండేదీ?"

"ఇందులో అసలు స్టాండే లేదు. తప్పు నా పరదాలది. అలాగే రాస్తున్నాను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇంకోసారి నడిపించమ్మా, చూస్తాను."