జనం లేని రాజ్యంలో శిస్తు

సారమ్మ టీచరుకు కంప్యూటరంటే భయం లేదు. అది తన ఉద్యోగాన్ని ఎక్కడికి తోసేస్తుందోనన్నదే ఆమె భయం.

1986లో మాచర్లలో ఆమె సోషల్ చెప్పే ఆడపిల్లల హైస్కూలుకు ప్రభుత్వం కంప్యూటరు పంపింది. లెక్కలు చెప్పే అబ్దుల్ జబ్బార్ మాస్టారు గుంటూరులో ట్రైనింగు పొంది వచ్చి, దాన్ని సైన్సు గదిలో బల్ల మీద పెట్టారు. దాంతోపాటు వచ్చిన క్యాసెట్లలో రాజ్యం ఏలే ఆట ఒకటుంది. చరిత్ర పాఠాలకు పనికొస్తుందని దాని అట్టపెట్టె మీద రాసి ఉంది. ఆ మాట హెడ్‌మిస్ట్రెస్ ప్రభావతమ్మ కంటపడింది.

"ఇక చరిత్ర ఇదే చెప్తదంట సారమ్మా. జిల్లా ఆఫీసు నుంచి జానకిరామయ్యగారని ఒకాయన వచ్చే వారం చూడ్డానికి వస్తున్నాడు. ఆటను నువ్వే చూపించాల. బాగుందన్నాడంటే సోషల్ పోస్టు ఒకటి ఎక్కువైందని రాస్తాడేమో, నేనేం చెప్పలేను."

సారమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. ఆమె రోజూ రెంటచింతల నుంచి బస్సులో వచ్చి వెళ్తుంది. భర్త దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. తనను దూరాన ఏ బెల్లంకొండకో బదిలీ చేశారంటే సంసారం రెండు చోట్ల అవుతుంది.

అయినా చూపించక తప్పదు. సాయంత్రం బడి వదిలాక జబ్బార్ మాస్టారు పక్కన కూర్చుని ఆట నేర్చుకోవడం మొదలుపెట్టింది. తెర మీద బొమ్మలేవీ లేవు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలే. ఈ ఏడు జనానికి ఎన్ని బస్తాల ధాన్యం పంచుతావు? విత్తనాలకు ఎంత? సైన్యానికి ఎంత? జవాబు కొడితే ఆ ఏడాది ఏం జరిగిందో చెబుతుంది.

మొదటిసారి సారమ్మ జనానికి కడుపునిండా పెట్టింది. మిగిలిన గింజల్ని ఎలుకలు తిన్నాయి. రాజ్యం కూలింది.

రెండోసారి జబ్బార్ మాస్టారు ఆడారు. ఆయన సైన్యం కోసం పొలాలన్నీ అమ్మేశారు. ఆఖరికి సైన్యం మిగిలింది గానీ నిలబడడానికి నేల మిగల్లేదు.

"ఏంది మాస్టారూ, వీళ్లందరినీ ఎక్కడ నిలబెడతారు?" అంది సారమ్మ.

"మా పెదనాన్న ఇంటి ముందర కాస్త జాగా ఉందిలే," అన్నారాయన.

సారమ్మ ఆ వారంలో మొదటిసారి నవ్వింది. మర్నాడు ఆటలో పక్క రాజు దండెత్తి వచ్చాడు. ఎందుకయ్యా అంటే, పండక్కి కానుక పంపలేదట. ఇంకో ఏడు సారమ్మ ఏనుగులు సముద్రాన్ని నడిచి దాటాయి.

"ఇదెక్కడి చరిత్రమ్మా?" అని జబ్బార్ మాస్టారు తల పట్టుకున్నారు.

"ఏనుగుల సంగతి అబద్ధమే గానీ, కానుక సంగతి కొట్టిపారెయ్యలేం మాస్టారూ. ఒక నావికుడి చెవి తెగిందని ఇంగ్లీషోళ్లు స్పెయినోళ్ల మీద యుద్ధానికి పోయారు. అంతదూరం ఎందుకు, మన పల్నాడులో కోడి ఓడిపోతే ఏమైంది?"

అంటూనే ఆమెకు ఉత్సాహం వచ్చింది. ఇంటికెళ్లి డిగ్రీనాటి పుస్తకాలు దులిపింది. ఇన్నేళ్లూ తేదీలు వల్లెవేయించిన పాఠాల్లో ఇంత తిక్క ఉందని ఆమె ఎప్పుడూ పిల్లలకు చెప్పలేదు. తర్వాతి రోజు తుగ్లక్ పాఠం చెబుతుంటే పదో తరగతి పిల్లలు గంట కొట్టినా లేవలేదు. కానీ క్లాసు అయిపోగానే మళ్లీ బెల్లంకొండ గుర్తొచ్చింది.

జానకిరామయ్యగారు జీపు దిగారు. సన్నగా, పొడుగ్గా, ముఖాన నవ్వన్నది లేని మనిషి. సారమ్మ ఆట పెట్టింది. ఆయన కాసేపు చూసి, "జరగండి, నేనాడతా," అని కుర్చీ లాక్కున్నారు.

ఆయన పొదుపరి. జనానికి గింజ విదల్చలేదు, అంతా గాదెల్లో దాచారు. మూడేళ్లలో కరువుకు జనం మొత్తం చచ్చారు. తెర మీద ఇంగ్లీషులో వరసగా వచ్చింది: జనాభా సున్నా. తిరుగుబాట్లు సున్నా. ఈ ఏటి శిస్తు మూడు వందల బస్తాలు. మీ పాలనలో ప్రజలు సంతోషంగా ఉన్నారు.

ఆయన తృప్తిగా తలాడించారు.

సారమ్మ పెదవి కొరుక్కుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు. నవ్వు తన్నుకొచ్చి, గదంతా వినపడేలా నవ్వేసింది. ప్రభావతమ్మ ముఖం పాలిపోయింది. జబ్బార్ మాస్టారు కిటికీలోంచి బయటికి చూడసాగారు.

"ఏందమ్మా అంత నవ్వు?" జానకిరామయ్యగారు వెనక్కి తిరిగారు.

సారమ్మ నోటి మీది కొంగు వదిలేసింది. ఇక అబద్ధమాడే తెలివి కూడా లేకపోయింది. "క్షమించండి సార్. జనమంతా పోయారు గదా, ఆ శిస్తు ఎవరు కట్టారా అని..."

ఆయన తెర వైపు తిరిగి మళ్లీ చదువుకున్నారు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ, "సంతోషంగా ఉన్నారంట! ఎవరమ్మా, గాదెలో ఎలుకలా?" అని ఆయనా పగలబడి నవ్వారు.

"నిజం రాజులూ ఇట్టాంటి పనులు చేశారు సార్," అంది సారమ్మ, కాస్త ధైర్యం తెచ్చుకుని. "తుగ్లక్ ఇత్తడి నాణేలకు వెండి విలువ కట్టాడు. జనం ఇళ్లల్లోనే నాణేలు కొట్టుకుని వాటితోనే శిస్తు కట్టారు. పిల్లలకు మొన్న అదే చెప్పా."

"ఈ పెట్టె అది చెప్పిందా?"

"లేదు సార్. ఇది తప్పు చేసి ఊరుకుంటది. అది తప్పని మనమే చెప్పాల."

ఆయన ఆమె క్లాసు కూడా వింటానన్నారు. వెనక బెంచీలో కూర్చుని కోడిపందెం దాకా విన్నారు. వెళ్తూ వెళ్తూ జీపు దగ్గర, సారమ్మ వింటుండగానే, ప్రభావతమ్మతో, "ఆ ఆట ఒంటరిగా వదలొద్దు. సోషల్ టీచరు పక్కనుంటేనే ఆడించండి. నేను రిపోర్టులోనూ అదే రాస్తా," అన్నారు.

"అయితే ఈమె పోస్టు...?"

"ఈమె లేకపోతే పిల్లలు శవాల దగ్గర శిస్తు వసూలు చేస్తారు గదమ్మా."

జీపు గేటు దాటాక జబ్బార్ మాస్టారు అందరికీ టీ తెప్పించారు. సారమ్మ గ్లాసు ఖాళీ చేసింది. వారం రోజులుగా తెలియని టీ రుచి ఇప్పుడు తెలిసింది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. వడగాలి ముఖాన కొడుతున్నా హాయిగానే అనిపించింది. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. కండక్టరు సీటు మీద తట్టేసరికి బస్సు గురజాలలో ఆగి ఉంది.

"రెంటచింతల ఎప్పుడో దాటిందమ్మా! రెండుసార్లు అరిచా."

మామూలు రోజైతే సారమ్మ కంగారుపడేదే. ఇప్పుడు మాత్రం, "పోనీలే అన్నా, నిద్ర బాగా పట్టింది," అని దిగింది. స్టాండు బయట పిల్లలకు జామకాయలు కొని, వెనక్కి వెళ్లే బస్సెక్కింది.