గవరయ్య గారి గోడ మీద నా సాక్ష్యం

నేను ఒక తేమ మీటరుని. ముందు రెండు సూది పళ్ళు, వెనక ఒక బ్యాటరీ. పళ్ళు గోడకు గుచ్చినప్పుడు లోపల చెమ్మ ఉంటే కుయ్యిమంటాను, లేకపోతే నోరు మెదపను. నన్ను తయారుచేసినవాళ్ళు అంతకుమించి మాటలు నేర్పలేదు.

నన్ను కొన్నది కాకినాడ నర్సు సువార్తమ్మ. ఆమె కూతురికి ఉబ్బసం. అద్దె ఇంటి చెమ్మ గోడల మధ్య ఆ పిల్ల ఊపిరాడక అల్లాడడం చూసి చూసి, ఇల్లు కొనేముందు దాని గోడలు పరీక్షించాలని పట్టుబట్టింది.

మేము చూడబోయిన ఇల్లు, బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన గవరయ్య గారిది. అంతకు ముందు వచ్చినవాళ్ళంతా దిక్సూచితో దిక్కులు చూసి వెళ్ళారట. గోడను ముట్టుకున్నవాడు లేడు.

లోపలికి వెళ్ళేసరికి నాలుగు టేబుల్ ఫ్యాన్లు ఒకే గోడ వైపు తిరుగుతున్నాయి. ఆ గోడకే వీపు ఆనించి నిలబడ్డారు గవరయ్య గారు. కాఫీ కూడా అలాగే తాగారు.

"వంటగది అటండి. దేవుడి గది ఇటండి. నేనిక్కడే ఉంటానమ్మా, నడుం పట్టేసిందండి," అన్నారు.

అన్ని గదులూ తిరిగి వచ్చాం. నేను పలకలేదు.

"ఇక ఈ గోడేనండి బాబాయిగారూ. కాస్త తప్పుకోండి," అంది సువార్తమ్మ.

"ఇది బ్రహ్మాండంగా ఉందండి. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను."

"మీరు పుట్టినప్పట్నుంచా?"

"గోడ పుట్టినప్పట్నుంచండి!"

ఆమె పక్కనుంచి చెయ్యి చాపింది. ఆయన అడ్డం తిరిగారు. నా పళ్ళు చెమటతో తడిసిన ఆయన పొట్టకు తగిలాయి. కుయ్యిమన్నాను.

"చూశారా! మనిషిని చూసినా అరుస్తోంది. మిషను పాడండి!" అంటూ గెలిచినవాడిలా గది మధ్యకు వచ్చేశారు. తెల్ల చొక్కా వీపు మీద విస్తరాకంత నల్లటి బూజు మరక! సువార్తమ్మ నన్ను గోడకు గుచ్చింది. ఇల్లు అదిరేలా అరిచాను.

ఆ అరుపుకు ఆయన భార్య చిట్టెమ్మ గారు దగ్గుతూ వచ్చారు. సువార్తమ్మ గోడను వదిలేసి ఆవిడనే చూసింది.

"ఎన్నాళ్ళ నుంచండీ ఈ దగ్గు?"

"ఆరేళ్ళయిందమ్మా. దిష్టన్నారు, పడని గాలన్నారు. చేతినిండా తాయెత్తులే."

"మీ మంచం ఎక్కడ వేస్తారు?"

చిట్టెమ్మ గారు ఆ గోడే చూపించారు.

గవరయ్య గారు ఫ్యాన్లు ఒక్కొక్కటే కట్టేశారు.

సువార్తమ్మ ఆ ఇల్లు కొనలేదు. చిట్టెమ్మ గారిని ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి మాత్రం తనే తీసుకెళ్ళింది. మరుసటి నెల పక్క వీధిలో పొడిగోడల ఇల్లు కొనుక్కుని, పని తీరిన నన్ను గవరయ్య గారికి ఇచ్చేసింది.

ఆయన గోడ పగలగొట్టించారు. లోపల నీళ్ళ గొట్టం చిల్లిపడి ఉంది. గొట్టం మార్పించి, కొత్తగా సిమెంటు పూయించి, ఎండాకాలమంతా ఆరనిచ్చారు. ఇల్లు అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.

తొలి వానలు కురిసిన రోజు నన్ను గోడకు గుచ్చారు. నేను పలకలేదు. నాలుగు చోట్ల గుచ్చారు. పలకలేదు. విదిలించారు, అరచేత్తో రెండు చరిచారు.

"చెప్పానా, ఇది మొదట్నుంచీ పాడే!" అని పాతసామాన్లవాడి బండి మీది గోనెలో పడేశారు.

చిట్టెమ్మ గారు పగలబడి నవ్వారు. బండి వీధి మలుపు తిరిగేదాకా గోనెలోంచి వింటూనే ఉన్నాను. అంత నవ్వులో ఒక్క దగ్గూ లేదు.